ఎస్ దగ్గర ఆగే వేలు

నా ఎడమచేతి ఉంగరపు వేలు కొంచెం వంకర. చిన్నప్పుడు ట్రంకుపెట్టె మూత పడి విరిగింది. కట్టు కట్టినాయన తనకు తోచినట్టు కట్టాడు, వేలు తనకు తోచినట్టు అతుక్కుంది. చూస్తే తెలియదు. వంటలోనూ రాతలోనూ దానివల్ల ఇబ్బందేమీ లేదు. ఒక్క టైపు మిషను ముందు కూర్చున్నప్పుడే ఆ వంకర బయటపడుతుంది, అది కూడా చూసేవాళ్ళకి కాదు, వినేవాళ్ళకి. మొదట దాన్ని కనిపెట్టింది గోపాలపట్నంలో మా టైపు మాస్టారు. పన్నెండేళ్ళ తర్వాత ఒక కంప్యూటరు కనిపెట్టబోయింది. మాస్టారికి దొరికిపోయినప్పుడు నవ్వొచ్చింది. కంప్యూటరుకి దొరికిపోతానని తెలిసినప్పుడు మాత్రం నాలుగు రోజులు తిండి సయించలేదు.

తొంభైల మొదట్లో మా వీధిలో ఇంటర్ అయిపోయిన ఆడపిల్లలందరినీ టైపుకి పంపేవారు. లోయరూ హయ్యరూ పాసైతే ఏదో ఒక ఆఫీసులో దూరొచ్చని మా నాన్న నమ్మకం. ఆయన పోర్టులో కళాసీ. రోజంతా ఎండలో ఉండే మనిషికి ఫ్యాను కింద కూర్చుని చేసే పని ఏదైనా గొప్పగానే కనిపించేది.

మాస్టారిది గోదావరి వైపు. పోర్టులో స్టెనోగా చేసి, రిటైరై, మెయిన్ రోడ్డు మీద బట్టలకొట్టు పైన పన్నెండు మిషన్లతో ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. పొద్దున్న ఆరింటికి మా బ్యాచి. అక్షరాలు కనపడకుండా కీల మీద రెక్సిన్ గుడ్డ తొడిగేవారు. ఆయన చెక్క స్కేలు పట్టుకుని బల్ల మీద టక్కు టక్కుమని కొడుతుంటే, ఆ దెబ్బకో అక్షరం చొప్పున పన్నెండు మందీ ఒకేసారి కొట్టాలి. ఏ, ఎస్, డి, ఎఫ్. చెయ్యి తిరిగినవాళ్ళు ముందుకు పోకూడదు, రానివాళ్ళు వెనకబడకూడదు. బయట హైవే మీద లారీలు పోతుంటే కిటికీలు అదిరేవి. అయినా మాకు ఆ స్కేలు చప్పుడే వినపడేది.

నాకు ఒళ్ళు మండేది. అప్పట్లో నా కోపం ముక్కు మీద ఉండేది. ఇప్పుడూ అక్కడే ఉంది, పైన కళ్ళజోడొచ్చింది అంతే. మేమేమైనా స్కూల్లో డ్రిల్లు చేస్తున్నామా, ఎవరి చేతికొచ్చినంత వేగంగా వాళ్ళు కొట్టుకోవచ్చు కదా అని నా గొడవ. స్కేలు ఆగిందంటే చాలు, నా ఇష్టమొచ్చినట్టు పరిగెత్తించేదాన్ని.

స్కేలు వాయించడం అయ్యాక మాస్టారు సగం గోడ అవతలున్న చిన్న గదిలోకి వెళ్ళి కాఫీ తాగుతూ పేపరు చదువుకునేవారు. అక్కడినుంచి మేము ఆయనకి కనపడం. అయినా ఎవరేం తప్పు చేస్తున్నారో పేరు పెట్టి మరీ అరిచేవారు. నేను ఆలస్యంగా, చప్పుడు కాకుండా మెట్లెక్కి వచ్చి మిషను ముందు కూర్చుని ఒక్క లైను కొట్టానో లేదో, గోడ అవతలినుంచి “ఆ, వచ్చావా?” అని వినిపించేది.

ఇదేదో తేల్చుకోవాలని ఒకరోజు నేనూ పక్కమ్మాయీ సీట్లు మార్చుకున్నాం. రెండు లైన్లు కూడా కాలేదు.

“సీటు మారినంత మాత్రాన చెయ్యి మారుద్దా అమ్మాయ్?” అన్నారు లోపలినుంచి.

నేను వెళ్ళి నిలదీశాను. ఎలా తెలుస్తుందో చెప్పాల్సిందేనని పట్టుబట్టాను. ఆయన కప్పు పక్కనపెట్టి, “నీ ఎస్ ఎప్పుడూ వెనకాలే వస్తుందమ్మా. ఏ కొట్టాక ఓ క్షణం ఆగుద్ది. ఆ ఆగడం ఇంకెవరికీ లేదు. ఏదీ, చెయ్యి చూపించు” అన్నారు. వేలు చూసి తల ఆడించారు. నిజం చెప్పొద్దూ, నాకు భలే గర్వంగా అనిపించింది. ఇంట్లో అయిదుగురు పిల్లల్లో ఒకదాన్ని, కాలేజీలో అరవైమందిలో ఒకదాన్ని. గోడ అవతలినుంచి కూడా నన్ను నన్నుగా గుర్తుపట్టే మనిషి ఒకరున్నారని ఆ రోజంతా సంతోషంగా తిరిగాను.

హయ్యరు పాసయ్యాను. ఉద్యోగం మాత్రం వెంటనే రాలేదు. పెళ్ళయింది, పాప పుట్టింది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ద్వారకా నగర్‌లో మూడు నెలలు కంప్యూటరు కోర్సు చేసి, రెండువేలు దాటిన కొత్తలో పోర్టు దగ్గర ఒక ఆఫీసులో డేటా ఎంట్రీలో చేరాను. ఓడల్లో వచ్చే సరుకు కాగితాల్ని కంప్యూటర్లలోకి ఎక్కించడం మా పని. మా ఆయనది స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని, నాలుగు నెలలుంటే రెండు నెలలు ఇంట్లో కూర్చోవడం. అందుకని ఇంటి బరువు నా ఉద్యోగం మీదే ఉండేది. ఏడాది బాగా చేస్తే పర్మినెంటు చేస్తామన్నారు. ఇది జరిగేనాటికి ఏడాది నిండడానికి నెల తక్కువ.

మా హాల్లో పదకొండు మంది ఆడవాళ్ళం. ఆడవాళ్ళ బాత్‌రూమ్‌కి ఎప్పుడూ తాళం వేసి ఉండేది. బయటి డ్రైవర్లు వాడేస్తున్నారని కారణం చెప్పేవారు. ఆ తాళంచెవి మేనేజరు గారి సొరుగులో ఉండేది. వెళ్ళాలంటే ఆయన గదిలోకి వెళ్ళి, అక్కడ ఎవరున్నా సరే, “సార్, తాళం” అని అడగాలి. ఆయన గోడ గడియారం వైపు చూసి, “ఇందాకే కదమ్మా వెళ్ళావు?” అనేవారు. ఆయన చెడ్డమనిషని కాదు. ఆ మాట వింటే మాకు ఎలా ఉంటుందో ఆయన బుర్రకి ఎప్పుడూ తట్టలేదు. మేము పొద్దున్నుంచి నీళ్ళు తాగడం మానేశాం. మనిషికొక నీళ్ళ సీసా బల్ల మీద ఉండేది, సాయంత్రం నిండుగానే ఇంటికెళ్ళేది.

అప్పుడే ఆఫీసులో సలహాల పేజీ అని ఒకటి పెట్టారు. హాలు మూలనున్న కంప్యూటరులో ఎవరైనా కూర్చుని, పేరు రాయకుండా, ఏమనిపిస్తే అది రాయొచ్చు. అది నేరుగా పై ఆఫీసుకి పోతుంది. “మనసు విప్పి రాయండి” అని మేనేజరు గారే చెప్పారు. నేను మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక వెళ్ళి మనసు విప్పేశాను. తాళంచెవి గురించి ఇంగ్లీషు అక్షరాల్లో పన్నెండు లైన్లు రాశాను. ‘ఇందాకే కదమ్మా’ అన్న మాట కూడా రాశాను. నాదని ఎవరూ పోల్చుకోకుండా అంతా పెద్దక్షరాల్లో కొట్టాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

వారం తిరక్కుండా మేనేజరు గారు మమ్మల్నందరినీ నిలబెట్టారు. మొహం ఎర్రగా ఉంది. పై ఆఫీసువాళ్ళు గట్టిగా అడిగారని అర్థమైంది.

“ఎవరు రాశారో చెప్పేస్తే గొడవ లేదు. చెప్పకపోయినా ఏం ఫర్వాలేదు. ఆ మూల కంప్యూటరులో ముందే ఒక కొత్త ప్రోగ్రాము పెట్టించాం. ఎవరు టైపు చేస్తున్నారో చేతి తీరుని బట్టి చెప్పేస్తుంది. ఆ పేజీ కొట్టినప్పటి తీరంతా అందులో ఉంది. ఈ సోమవారం కాదు, పై సోమవారం అందరూ ఒక పేరాని తలా అయిదుసార్లు కొట్టాలి. ఎవరిది దాంతో సరిపోతే వాళ్ళు ఇంటికెళ్ళొచ్చు.”

ఎడమచేతిని చీర కుచ్చిళ్ళలో దాచుకున్నాను. అక్కడ దాస్తే ఏం లాభం? పన్నెండు లైన్లలో ఎస్ ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో లెక్కపెట్టుకుంటే చెమటలు పట్టాయి. ఆ పేజీలో పేరు రాయలేదు గానీ ప్రతి మాటలోనూ సంతకం పెట్టి వచ్చాను. పేరు అడగబోమని చెప్పి, పేరు రాయించుకోకుండానే చెయ్యి వినేశారే అని కోపం కూడా వచ్చింది. మాస్టారు విన్నారంటే నేను నేర్చుకోవడానికి వెళ్ళాను కాబట్టి విన్నారు. వీళ్ళని ఎవరు వినమన్నారు?

పోర్టు చుట్టుపక్కల ఆఫీసులన్నీ ఒకరికొకరు తెలిసినవే. ఇక్కడ తీసేశారంటే ఇంకెక్కడా రానివ్వరు. ఇంట్లో ఆయనకి కూడా చెప్పలేదు. ఆదివారం పొద్దున్నే మాస్టారి దగ్గరికి పరిగెత్తాను.

ఇన్‌స్టిట్యూట్ చూస్తే బెంగ కలిగింది. అందరూ కంప్యూటరు సెంటర్లకి పోతున్నారు. పన్నెండు మిషన్లలో ఎనిమిది మిగిలాయి, అవి కూడా ముసుగుల కింద ఉన్నాయి. మాస్టారికి జుట్టు పూర్తిగా నెరిసింది. జరిగిందంతా చెప్పి, “నా వేలు ఎవరికీ తెలీకుండా చెయ్యండి మాస్టారూ” అన్నాను.

ఆయన లేచి బీరువా మీదనుంచి చెక్క స్కేలు తీసి దుమ్ము తుడిచారు.

“అప్పుడు నీకు నచ్చనిది ఇదే కదా?” అన్నారు. “ఇది ఎందుకనుకున్నావు? వేగం కోసం కాదమ్మా. అందరి చెయ్యీ ఒక్కలా పడడం కోసం. ఆఫీసులో సగం కాగితం ఒకళ్ళు కొట్టి, మిగతా సగం ఇంకొకళ్ళు కొడితే తేడా తెలీకూడదని మాకు నేర్పేవారు.”

నేను మిషను ముందు కూర్చున్నాను. ఎస్ వెనకబడకుండా వేలిని తొందరపెట్టబోయాను. స్కేలు ఆగింది.

“దాన్ని పరిగెత్తించకు. అది ఎప్పటికీ పరిగెత్తదు. మిగతా వేళ్ళని దానికోసం ఆగమను.”

నాకప్పుడు అర్థమైంది. ఒకటోతరగతి పిల్లలా మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాను. ఏ దగ్గర ఆగు, డి దగ్గర ఆగు, అన్నిటి దగ్గరా వంకర వేలు పట్టే సమయమే పట్టనీ. వేగమంతా చచ్చిపోయింది. కానీ గంట గడిచేసరికి చప్పుడు మారింది. మాస్టారు గోడ అవతలికి వెళ్ళి విని వచ్చి, “ఇప్పుడు నువ్వెవరో నాకు తెలీదు” అన్నారు. నేను నవ్వుతూ మెట్లు దిగాను, ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాను.

ఆ ఆనందం ఒక్కరోజే. మంగళవారం ఆ ప్రోగ్రాము తాలూకు ఇంజనీరు హైదరాబాద్ నుంచి వచ్చాడు. మర్యాదస్తుడు, తన ప్రోగ్రాము అంటే ప్రాణం. టీ తాగే దగ్గర ఏమీ తెలియనట్టు అడిగితే చక్కగా వివరించాడు. ఒక కీకీ ఇంకో కీకీ మధ్య ఎంత ఖాళీ వస్తోంది, కీని ఎంతసేపు నొక్కి ఉంచుతున్నారు, ఇవన్నీ కొలుస్తుందట. మా మాస్టారు కాఫీ తాగుతూ చేసేదే, కాకపోతే కాఫీ లేదు.

“మరి ఎవరిదీ సరిపోకపోతే ఏమవుతుందండీ?” అన్నాను.

“అలా ఉండదండీ. ఉన్నవాళ్ళలో ఎవరిది దగ్గరగా ఉందో ఆ పేరు చూపిస్తుంది. ఎవరో ఒకరి పేరు వస్తుంది.”

టీ గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. నేను తప్పుకుంటే నా పక్కనున్న పదిమందిలో ఎవరో ఒకరు నా బదులు ఇంటికెళ్తారు. ఏమీ రాయని మనిషి, ఏమీ తెలియని మనిషి. ఆ మాట నాకు ముందే తట్టనందుకు సిగ్గేసింది. ఆదివారం నేను నవ్వుతూ మెట్లు దిగింది ఎవరినో తోసేసి అన్నమాట.

మా హాల్లో అందరికంటే పెద్దావిడ సబ్బవరం నుంచి బస్సులో వచ్చేది. మేమంతా అక్కా అని పిలిచేవాళ్ళం. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. మర్నాడు భోజనాల దగ్గర నన్ను పట్టుకుంది.

“ఏటే, నాలుగు ముద్దలు కూడా తినట్లేదు. ఏటయినాదేటి నీకు?”

“అక్కా, అది రాసింది నానే.”

“ఏది?”

“తాళం గురించి. నానే రాసినాను. సోమవారం నానెలాగో తప్పించుకుంటాను గానీ, మీలో ఎవలో ఒకల పేరు వచ్చేస్తాదట. అందుకని ఇప్పుడే ఎల్లి ఒప్పేసుకుందామనుకుంటన్నాను.”

అక్క చేతిలో ముద్ద గిన్నెలో పడేసింది. ఆ కళ్ళు చూసి ఇప్పుడు చెంప మీద కొడుతుందనుకున్నాను.

“నాకు సెప్పకుండా రాస్తావేటే? నాకు సెప్పుంటే ఇంకా గట్టిగా రాయించుదును కదా!” అంది. “పదకొండు మందికీ ఉన్న బాధని నువ్వొక్కదానివే రాసేసి, ఇప్పుడు నువ్వొక్కదానివే మోస్తానంటావు. కూకో అక్కడ.”

అందరినీ దగ్గరికి పిలిచి విషయం చెప్పింది. మాస్టారు నేర్పిన కిటుకు నా చేత చెప్పించి, “అందరం అలాగే కొడితే ఎవల పేరని సెప్తాది?” అంది. కొందరు నా చెయ్యి పట్టుకున్నారు. కొత్తగా చేరిన అమ్మాయి మాత్రం మొహం ముడుచుకుంది. “ఈవిడ రాసినదానికి నానెందుకు భయపడాలి? ఈవిడే ఎల్లి సెప్పేసుకుంటే అయిపోద్ది కదా” అంది. అడగాల్సిన మాటే.

అక్క ఆ పిల్ల బల్ల మీదున్న సీసా తెచ్చి ముందు పెట్టింది.

“పొద్దున్నుంచి నీళ్ళు తాగేవా?”

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

“ఎందుకు తాగలేదు?”

అందరం మా సీసాల వైపు చూసుకున్నాం. అన్నీ నిండుగా ఉన్నాయి. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “రేపు పొద్దున్న ఎన్నింటికి రమ్మంటారు?” అని అడిగింది.

గురువారం ఏడింటికి పదకొండు మందీ గోపాలపట్నంలో బట్టలకొట్టు పక్కన మెట్లెక్కాం. మాస్టారు తలుపు తీసి మమ్మల్ని చూసి, లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ఎనిమిది మిషన్ల ముసుగులు తీశారు. మిగతా ముగ్గురం బల్ల మీద వేళ్ళతోనే కొట్టాం. కొట్టాల్సిన పేరా ముందే నోటీసు బోర్డు మీద అంటించారు కాబట్టి దాన్నే సాధన చేశాం. నాలుగు పొద్దుల్లో అది మాకు కంఠతా వచ్చేసింది.

కష్టమైంది నాలాంటి నిదానపు వేలున్నవాళ్ళకి కాదు, వేగం ఉన్నవాళ్ళకి. అక్క చెయ్యి తుఫానే, ఒకచోట ఆగేది కాదు. “నాను ఆగలేను మాస్టారూ, సేతులు ఊరుకోవట్లేదు” అనేది. ఆయన స్కేలు ఆపి, “ఈ అమ్మాయి ఎస్ కొట్టిందాకా ఉండమ్మా” అనేవారు. పదిమంది నా వంకర వేలి కోసం ఆగుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. శనివారం ఒక్కసారిగా కుదిరింది. ఎనిమిది మిషన్లూ, మూడు బల్ల చప్పుళ్ళూ కలిసి ఒకే దెబ్బ. పన్నెండేళ్ళ క్రితం నేను తిట్టుకున్న చప్పుడే. ఒళ్ళు జల్లుమంది. మాస్టారు కిటికీ వైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు.

సోమవారం మేనేజరు గారి గదిలో కంప్యూటరు పెట్టారు. పద్ధతి చూపించడానికి ముందు ఆయనే, రెండు వేళ్ళతో, ఆగి ఆగి పేరా కొట్టి చూపించారు. తర్వాత హాల్లో ఉన్న అయిదుగురు మగవాళ్ళూ కొట్టారు, వాళ్ళ పేరొచ్చినా ఆడవాళ్ళ తాళం గురించి వాళ్ళు రాశారని ఎవరూ నమ్మరు. ఆ తర్వాత మేము ఒక్కొక్కరం. బయట బెంచీ మీద అక్క తన కేరేజీ మూత మీద చెంచాతో టక్కు టక్కుమని కొడుతూ కూర్చుంది.

తొమ్మిదిమంది అయ్యేవరకూ బాగానే ఉంది. పదోదాన్ని నేను కూర్చోగానే మేనేజరు గారికి చిరాకేసింది.

“ఏమిటమ్మా ఆ చప్పుడు?”

“కేరేజీ మూత రావట్లేదండీ. ఆకలేస్తన్నాది” అంది అక్క.

“తర్వాత తిందువు గాని, ఆపు.”

చప్పుడు ఆగిపోయింది. గదిలో ఫ్యాను, ఇంజనీరు ఊపిరి, నా గుండె మాత్రమే వినిపిస్తున్నాయి. ఆ గుండెని నమ్ముకుని కొడితే అంతే సంగతులు. వేలు కీ మీద పెట్టి ఉండిపోయాను. తల ఎత్తితే తలుపు అద్దంలోంచి బెంచీ కనపడింది. అక్క నన్నే చూస్తూ, చప్పుడు లేకుండా, తల ఆడిస్తోంది. ఒకటి, ఒకటి, ఒకటి. పక్కన కొత్తమ్మాయి కూడా ఆడిస్తోంది. తర్వాత బెంచీ బెంచీ అంతా. నేను పేరా వైపు చూడనే లేదు. వాళ్ళని చూస్తూ అయిదుసార్లూ కొట్టేశాను.

“ఇంత నిదానమేమిటి మీరంతా?” అన్నారు మేనేజరు గారు.

“తప్పుల్లేకుండా కొట్టమన్నారు కదండీ” అన్నాను. ఒక్క తప్పు కూడా లేదు.

మర్నాడు సాయంత్రం తలుపు సరిగ్గా వెయ్యకుండా ఇంజనీరు ఫలితం చెప్పాడు. హాల్లో ఎవరూ కీ మీద వేలు వెయ్యలేదు.

“సార్, ఈ పదకొండు మందినీ ఇది ఒక్కరే అంటోంది. ఇలా ఎప్పుడూ చూడలేదు. ఆ పేజీ కొట్టినవాళ్ళకి వీళ్ళెవరూ దగ్గర్లో లేరు.”

“మరి ఎవరు దగ్గరగా ఉన్నారు?”

ఇంజనీరు మళ్ళీ ఏవో కీలు నొక్కి చూసుకున్న చప్పుడైంది.

“చాలా దూరమేనండీ, అసలు పోలికే లేదు. కానీ ఉన్నవాళ్ళలో దగ్గరంటే… మీ పేరు చూపిస్తోంది సార్.”

అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నేను బల్ల కింద పడిపోయిన పెన్ను వెతుకుతున్నట్టు వంగి కూర్చున్నాను. పడిపోయిన పెన్నేమీ లేదు.

ఆ ప్రోగ్రాముని ఆ వారమే తీసేశారు. ఇంజనీరు వెళ్ళిపోతూ నా బల్ల దగ్గర ఆగాడు. “ఆ పేజీ నేను చదివానండీ. తాళం సంగతి నాకు తెలీదు” అన్నాడు. కొంచెం తటపటాయించి, “ఎక్కడో ఒకచోట కొట్టుకుని, కాపీ చేసి తెచ్చి ఇక్కడ అతికిస్తే ఏ ప్రోగ్రాముకీ చెయ్యి వినపడదు. ఊరికే చెప్తున్నాను” అన్నాడు. నా వేలి వైపు చూశాడో లేదో నాకు తెలీదు. అప్పటినుంచి నెట్ సెంటరులో ఏ పేజీలో రాయాల్సొచ్చినా ముందు విడిగా కొట్టుకుని, తర్వాత తెచ్చి అతికించడం నాకు అలవాటైపోయింది. ఆఫీసు కంప్యూటరు మీద మాత్రం స్కేలు తాళమే. నా అసలు చెయ్యి ఎవరికి వినిపించాలో నేనే చూసుకుంటున్నాను.

తాళంచెవి సంగతి అక్క చూసుకుంది. బుధవారం “సార్, తాళం” అని తీసుకుని, తిరిగి ఇవ్వడానికి గంటన్నర పట్టించింది. ఆటోలో ద్వారకా నగర్ వెళ్ళి, పదకొండు మారుతాళంచెవులు చేయించుకొచ్చింది. మనిషికొకటి పంచిపెట్టింది. ఆ తర్వాత ఎవరూ సొరుగు వైపు పోలేదు. మేనేజరు గారు ఓ వారం చూసి ఏదో అడగబోయి, కంప్యూటరు తన పేరు చెప్పిన సంగతి గుర్తొచ్చిందేమో, ఊరుకున్నారు. సాయంత్రం ఖాళీ సీసాలు బ్యాగుల్లో పడేసుకుని మేము బస్సెక్కుతుంటే ఎంత తేలిగ్గా ఉండేదో! నెల తిరిగాక నాకు పర్మినెంటు కాగితం వచ్చింది.

ఆ కాగితమూ, తాళంచెవీ చూపించడానికి మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఇన్‌స్టిట్యూట్ ఎత్తేస్తున్నారు. ఏడు మిషన్లు అమ్మేశారు. ఒక్కటి మాత్రం ఇవ్వబుద్ధి కాక ఉంచుకున్నారట. మేనేజరు గారి పేరు వచ్చిందని చెప్తే దగ్గొచ్చేదాకా నవ్వారు. తాళంచెవిని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి నాకిచ్చేశారు.

“కూర్చో” అన్నారు, మిషను ముసుగు తీస్తూ. “ఇవాళ స్కేలు లేదు. నీ ఇష్టమొచ్చినట్టు కొట్టు. నేను కాఫీ పెట్టుకొస్తాను.”

ఆయన సగం గోడ అవతలికి వెళ్ళిపోయారు. నెలన్నరగా నా చేతిని పట్టి ఉంచాను. ఇప్పుడు వదిలేశాను. వేళ్ళు పరిగెత్తాయి, ఏ తర్వాత ఆ వంకర వేలు తన అలవాటు ప్రకారం ఓ క్షణం ఆగి, అప్పుడు ఎస్ మీద పడింది.

గోడ అవతల చెంచా చప్పుడు ఆగింది.

“ఆ, వచ్చావా?” అన్నారు మాస్టారు.